వేలం పాటలో మావారి రైలు

'వేలంవెర్రి' అనే మాట ఎవరు పుట్టించారో గానీ, వాళ్ళింట్లో కూడా మావారిలాంటి మనిషి ఒకరు ఉండే ఉంటారు. వేలంలో 'పాట పాడటం' అంటాం చూడండి, అదీ నాకు భలే నచ్చుతుంది. పక్కవాడు ఒక మెట్టు పైకెత్తాడంటే మన గొంతు అందదని తెలిసినా మనమూ ఎత్తేస్తాం. బీయే తెలుగు చదివినందుకు నాకు మిగిలింది ఇదే, ఏ మాట చెవిన పడ్డా దాన్ని కాసేపు తిప్పి తిప్పి చూసుకోవడం.

మేముండేది అరకులో. మావారు రైల్వేలో పట్టాల పని చూస్తారు. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాన్‌కి పంపడానికి 1960లలో వేసిన కొత్తవలస-కిరండూల్ లైను ఇది. లైను మొత్తం మీద 58 సొరంగాలు. 2017లో అద్దాల బోగీ వచ్చాక టూరిస్టులు ఆ సొరంగాల్లో అరిచే అరుపులు చెప్పనే అక్కర్లేదు. మా పక్కనే ఉన్న షిమిలిగూడ స్టేషన్ ఎత్తు 996.32 మీటర్లు. మావారు ఆ చివరి .32 కూడా వదలకుండా చెబుతారు. అలాంటి మనిషి.

రోజంతా నిజం రైళ్ళతో గడిపే ఆయనకి ఇంటికొచ్చాక బొమ్మరైలు పిచ్చేమిటని మీరడగచ్చు. నేనూ అడిగాను. ఆయన చిన్నప్పుడు మా మావగారు వాల్తేరులో ఒక ఆఫీసరుగారి బంగళాలో తోటపని చేసేవారట. ఆ ఇంట్లో కీ ఇస్తే నడిచే ఎర్ర రేకు రైలు సోఫా కాళ్ళ చుట్టూ తిరిగేదట. ఈయన గుమ్మం దగ్గర నిలబడి చూసేవారు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. ఇది చెప్పినప్పుడు నేను ఇంకేమీ అనలేకపోయాను.

మూడేళ్ళ కిందట ఎవరో ఆయన ఫోనులో ఆన్‌లైన్ వేలం చూపించారు. ఆ ఎర్ర రైలు అక్కడ కనపడింది. హార్న్‌బీ అని ఇంగ్లండు కంపెనీ. మెకానో చేసిన ఫ్రాంక్ హార్న్‌బీయే 1920లో ఈ రైళ్ళు మొదలుపెట్టాడు. ఆ వేలాలు ఎక్కువగా ఇంగ్లండులో ఆదివారం రాత్రి ఎనిమిదింటికి ముగుస్తాయి. చలికాలంలో మనకది సోమవారం తెల్లవారుజాము ఒకటిన్నర. అరకు చలిలో ఒంటిగంటకి అలారం పెట్టుకుని, దుప్పటి కప్పుకుని, ఫోను వెలుగులో కూర్చున్న మనిషిని ఊహించుకోండి. నైట్ డ్యూటీ లేని వారం కూడా మా ఇంట్లో నైట్ డ్యూటీయే.

మొదటి రైలు 18 పౌండ్ల దగ్గర మొదలై 62 దగ్గర ఆగింది. చివరి రెండు నిమిషాల్లోనే సగం పెరిగింది. పోస్టు ఖర్చు 31 పౌండ్లు. బొమ్మల దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి ఎక్కింది, 2023లో 70 అయింది. ఆ సుంకం, దాని పైన పన్నులు అన్నీ కలిసి ఆ రేకు రైలు మా గుమ్మం ఎక్కేసరికి 20 వేలు దాటింది. తీరా డబ్బా విప్పితే కీ లేదు. 'టెస్టు చెయ్యలేదు' అని అమ్మినవాడు ముందే రాశాడట. ఆ ముక్కకి 'నడవదు' అని అర్థం చెప్పుకోవాలని మాకు తర్వాత తెలిసింది. ఎస్.కోటలో గడియారాలు బాగుచేసే ఒక ముసలాయన చిన్న గొట్టాన్ని చతురస్రంగా ఆకురాయితో అరగదీసి కీ చేసిచ్చారు. తీసుకున్నది 150 రూపాయలు. రైలు మా వరండాలో మూడు చుట్లు తిరిగింది. ఆ రోజు మావారి మొహం చూసి 20 వేల మాట ఎత్తలేదు నేను.

అక్కడితో ఆగితే ఈ పోస్టు రాసేదాన్ని కాదు.

తర్వాత అమరికలో కరెంటుతో నడిచే చిన్న రైళ్ళ మీద పడ్డారు. వాటి కొలత అసలుకి 76వ వంతు, పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. "మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు, ఆ లెక్కన 22 రావాలి. వాళ్ళ సొంత గేజుకీ సరిపోదు ఇది," అని విసుక్కుంటూనే చూస్తారు. నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకోటి. డబ్బా చెక్కుచెదరకుండా ఉండి, ఒక్కసారి కూడా పట్టా ఎక్కని ఇంజనుకి ఎక్కువ ధర. పిల్లవాడు ఆడుకున్న దానికి తక్కువ. ఒక్కోచోట ఖాళీ డబ్బాకే బొమ్మకన్నా ఎక్కువ పలుకుతుంది. మా అమ్మాయి చిన్నప్పుడు ఆడిన ఏటికొప్పాక లక్క ఇంజను అటక మీదుంది. దాని పొగగొట్టం నిండా పళ్ళ గాట్లే. ఆ లెక్కన దాని విలువ సున్నా అన్నమాట.

పనిముట్లదీ ఇదే వరస. అమెరికాలో స్టాన్లీ కంపెనీ చేసిన ఒకటో నంబరు చిత్రిక ఉంది, అరచేతిలో ఇమిడిపోతుంది. మరీ చిన్నది కాబట్టి వడ్రంగులు పెద్దగా కొనలేదు. కొనలేదు కాబట్టి తక్కువగా మిగిలింది. తక్కువగా మిగిలింది కాబట్టి ఇప్పుడు వెయ్యి డాలర్లు దాటి అడుగుతారు. మా శుక్రవారం సంతలో కొమ్ములేసిన గొడ్డలి లాంటిదే ఒకటి 'గిరిజనుల చేతిపని, పురాతనం' అని పేరు పెట్టుకుని అందులో కనిపించింది. సంతలో కమ్మరి కొలిమి ఆరకముందే అక్కడది పురాతనమైపోయింది.

పోయిన ఏడాది వేసవిలో అసలు గొడవ వచ్చింది. ఎనిమిది ఇంజన్లు కలిపి ఒకే పాట, 480 పౌండ్లు, 'ఇప్పుడే కొనండి' అని. మా కాలనీలో నేను కట్టే లక్ష రూపాయల చీటీ ఉంది. అది అమ్మాయి డిగ్రీ ఫీజుకని దాచుకున్నది. "ఈ నెలే చీటీ పాడేద్దాం, ఫీజుకి వేరే చూద్దాం," అన్నారు మావారు.

చీటీ పాట సంగతి ఆడవాళ్ళకి చెప్పక్కర్లేదు. అక్కడ ఎవరికి అవసరం ఎక్కువో వాళ్ళే ఎక్కువ వదులుకుంటారు. ఆ నెల పాడితే 28 వేలు పోతాయి, చేతికొచ్చేది 72 వేలు. ఇక్కడ అవసరంలేని దానికి, అక్కడ అవసరం ఉన్నట్టు నటించి పాడాలి. "ఏవండీ, రెండు వేలాల్లోనూ ఓడిపోయేది మనమే," అన్నాను. వారం రోజులు ఇంట్లో మాటల్లేవు. అమ్మాయి హాస్టల్ నుంచి ఫోన్ చేస్తే ఒకరి తర్వాత ఒకరం మాట్లాడి పెట్టేసేవాళ్ళం.

గట్టిగా అడ్డుపడ్డాను, ఆ పని మాత్రం చేశాను. చీటీ కదపలేదు. దాంతోపాటు ఆ ఎనిమిది ఇంజన్లూ ఏమవుతాయో చూద్దామని ఇద్దరం కూర్చున్నాం. ఆ సైటులో అమ్ముడైపోయిన వాటి ధరలు విడిగా చూసుకునే వీలుంది. అప్పటిదాకా మావారు చూసినవన్నీ అడిగే ధరలే. అడిగే ధరకేముంది, పెళ్ళిళ్ళ పేరయ్య చెప్పే జీతంలాంటిది. 480కి ఎవరూ కొనలేదు. మళ్ళీ పెట్టారు, మళ్ళీ కొనలేదు. మూడోసారి మామూలు వేలానికి పెడితే 205కి పోయింది. మావారు చాలాసేపు మాట్లాడలేదు. కొంచెం సేపటికి తనే లేచి టీ పెట్టారు.

ఈ ఆన్‌లైన్ వేలాల కథ మొదలైంది కూడా ఇలాంటి దానితోనే. 1995లో పియర్ ఒమిడ్యార్ అనే ఆయన, తర్వాత ఈబే అని పేరుపడిన సైటులో, పాడైపోయిన లేజర్ పాయింటరు పెడితే 14.83 డాలర్లకి పోయింది. పాడైందని తెలుసా అని కొన్నవాణ్ణి అడిగితే, పాడైనవే పోగుచేస్తానన్నాడట. ఒక వస్తువుకి ఇద్దరు పిచ్చివాళ్ళు దొరికితే చాలు, ధర పుట్టేస్తుంది. మన బాలాపూర్ లడ్డూ 1994లో 450 రూపాయలు, 2024లో 30 లక్షలు దాటింది. కాకపోతే లడ్డూ పాట డబ్బు ఊరి పనులకి వెళుతుంది, పాడినవాడికి ఊళ్ళో పేరొస్తుంది. అర్ధరాత్రి దుప్పటి కింద పాడినవాడికి జలుబొస్తుంది.

ఇప్పుడు మా ఇంట్లో ఒక పద్ధతి. నచ్చిన దానికి ఎంత దాకా ఇవ్వచ్చో పోస్టూ పన్నూ కలిపి పగటిపూట క్యాలెండరు మీద రాసి, ఆ అంకె సైటులో పెట్టేసి పడుకోవాలి. మన తరఫున అదే కొంచెం కొంచెంగా పాడుకుంటుంది, గరిష్ఠం దాటితే ఆగిపోతుంది. అలారం మాత్రం నిషేధం. వరసగా నాలుగు పోయాయి. అయిదోది, ఒక చిన్న గూడ్సు పెట్టె, రాసిన దానికన్నా తక్కువకే వచ్చింది. అమ్మాయి ఫీజు జూన్‌లో కట్టేశాం.

ఈ మధ్య మాకు కూరలు తెచ్చే అప్ప ఒక పాత ఇత్తడి తవ్వ కొంగులో కట్టుకొచ్చింది. తుక్కువాడు తూకానికి అడుగుతున్నాడట. మావారు ఉత్సాహంగా ఫోను తీసి అలాంటిదే ఒకటి చూపించారు, తొమ్మిది వేలు.

"ఏటి బాబూ, ఇంత డబ్బు ఎవులిస్తారు?" అంది అప్ప.

"ఇది అడిగే ధర అప్పా. ఇస్తారని కాదు."

"మరి తమరిస్తారేటి?"

ఆయన నవ్వేసి తల అడ్డంగా ఊపారు. విశాఖలో తెలిసిన కొట్టుకి ఫోన్ చేస్తే, ఇత్తడి తూకానికే తుక్కువాడు చెప్పిన దానికి దాదాపు రెట్టింపు ఉందని తేలింది. ఆ సంగతి అప్పకి నాలుగుసార్లు విడమరిచి చెప్పి పంపించాం.

మొన్న శుక్రవారం సంతలో రాజ్మా కొనబోతే అప్ప అదే తవ్వతో కొలిచింది. పైన గోపురంలా పోసి, ఎప్పటిలాగే గుప్పెడు కొసరు వేసింది. మావారు ఆ తవ్వ తిరగేసి, అడుగున ఉన్న ముద్రని ఫోటో తీసుకున్నారు. ఎందుకని నేనడగలేదు.