ఎడమ చక్రానికి... ఉల్టా చూడీ!

మైత్రీవనం... ఈ పేరు వినగానే అంతస్తుల కొద్దీ కోచింగ్ సెంటర్ల బోర్డులు, మెట్రో పిల్లర్ల పక్కన కరపత్రాలు పంచే కుర్రాళ్లు గుర్తొస్తారు. జావా అన్నా, టెస్టింగ్ అన్నా అరగంటలో డెమో క్లాసులో కూర్చోబెట్టేస్తారు. అలాంటి చోట ఆదివారం పొద్దున్నే ఓ పాత విల్లీస్ జీపుకి ముందు ఎడమ టైరు పంచరైందనుకోండి. ఇంటిల్లిపాదీ అనంతగిరి కొండలకి బయల్దేరారు. వెనక సీట్లో పులిహోర డబ్బా. స్టెప్నీ ఉంది, జాకీ ఉంది, ఇంకేం కావాలి?

పంచర్ షాపు కుర్రాడు పానా పట్టాడు. నట్టు కదల్లేదు. పానాకి పైపు తగిలించి, దానిమీద ఎక్కి తొక్కాడు. ‘టప్’మంది. ఊడింది నట్టు కాదు, స్టడ్డే విరిగి చేతికొచ్చింది! రెండోదీ అంతే. ‘‘ఆగు తమ్మీ, అది ఉల్టా చూడీ’’ అని పక్కనున్న పెద్దాయనెవరో అనేసరికే ఐదింట్లో రెండు పోయాయి.

తప్పు కుర్రాడిది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం తయారైన ఆ జీపుని 1940ల చివర్లో మహీంద్రా వాళ్లు బొంబాయిలో బిగించడం మొదలుపెట్టారు. విల్లీస్ జీపుల్లో ఎడమ చక్రాల స్టడ్లకి మర తిరగేసి ఉండేది. బండి ముందుకెళ్లేటప్పుడు చక్రం తిరుగుడుకి నట్లు వదులు కాకూడదని ఆ ఏర్పాటు. స్టడ్డు కొసన ‘ఎల్’ అక్షరం ఉంటే ఎడమ మర అని గుర్తు. శంఖం ఆకారపు కొస ఉన్న నట్లు రిమ్ములో గట్టిగా కూర్చుంటాయి కాబట్టి ఆ అవసరం లేదని తర్వాత తేలింది. కంపెనీలూ మానేశాయి. కానీ చేతులు మారుతూ, యాక్సిళ్లు మార్చుకుంటూ వచ్చిన పాత జీపుల్ని నమ్మలేం. ఒక చక్రానికి సీదా, ఇంకోదానికి ఉల్టా ఉండొచ్చు. తుప్పు, మట్టి తుడిచి అక్షరం చూశాకే పానా పట్టాలి.

మిగిలిన మూడు స్టడ్లతో మెల్లగా వెళ్లిపోదామా? ఘాట్ రోడ్డు మీద పిల్లల్ని ఎక్కించుకుని ఆ సాహసం చెయ్యకూడదు. బరువంతా మూడింటి మీదే పడుతుంది, అవీ అలసిపోతాయి. రిమ్ము రంధ్రాలు సాగుతాయి. చక్రమే ఊడిపోవచ్చు.

స్టడ్ల కోసం బేగంపేట మీదుగా రాణీగంజ్ వెళ్లాలి. ఆటోమొబైల్ సామాన్లకి అదే అడ్డా. అయితే ఆదివారం చాలా షట్టర్లు దించే ఉంటాయి. అసలు చిక్కు వేరే ఉంది. పాత జీపుల్లో స్టడ్డు హబ్బుని, బ్రేకు డ్రమ్ముని కలిపి పట్టుకుంటుంది. వెనక్కి రాకుండా దాని మెడ దగ్గర లోహాన్ని అణగ్గొట్టి వెడల్పు చేస్తారు. ఆ అంచుని కోసెయ్యకుండా సుత్తితో బాదారా, హబ్బు రంధ్రం పెద్దదైపోతుంది. కొత్త స్టడ్డు అందులో గిర్రున తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి ముందు అంచు కోయాలి, ఆ తర్వాత ప్రెస్సు మీద పెట్టి నొక్కాలి.

ఆ పనికి సనత్‌నగర్ దాటి బాలానగర్ వైపు లేతు షాపులున్నాయి. 1968లో మొదలైన కేంద్ర టూల్ డిజైన్ సంస్థ ఉన్న పేట అది. పని తెలిసిన మిస్త్రీ రెండు స్టడ్లే మార్చి ఊరుకోడు. ‘‘ఐదూ మార్చుకోండి సార్, బతికినవీ దెబ్బతిన్నవే’’ అంటాడు. ఖర్చు పెంచడానికని అనుమానపడక్కర్లేదు, మాట నిజమే. బిగించేటప్పుడూ వరసగా కాకుండా ఒకటి వదిలి ఒకటి, నక్షత్రం గీసినట్టు బిగించాలి. వంద కిలోమీటర్లలోపు మళ్లీ ఓసారి చూసుకోవాలి.

అంతవరకూ జీపు బాలానగర్‌లోనే. ఇంటిల్లిపాదీ పులిహోర డబ్బాతో సహా అమీర్‌పేట మెట్రో మెట్లెక్కాల్సిందే!