పాగా చుట్టిన సిపాయి

పామేడు

తమ్ముడూ,

భద్రాచలం దాటి చర్ల మీదుగా వస్తే పామేడు. ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో ఉన్నా, ఈ ఊరి జనానికి ఏళ్లపాటు దగ్గరి పట్నం చర్లే. బీజాపూర్ వైపు దారి తెరుచుకున్నది ఈ మధ్యనే. అడవి దున్నల కోసం ఇక్కడి అడవిని అభయారణ్యంగా ప్రకటించారు. దోర్లల మాట కాస్త చెవి పెట్టి వింటే తెలుగు తగులుతూనే ఉంటుంది.

నువ్వు నా చొక్కా జేబులో వేసి పంపిన సిపాయి బొమ్మను టీ కొట్టు పెద్దాయన అరచేతిలో పెట్టుకుని చూశాడు. "దీనికి తలేదయ్యా?" అన్నాడు. తల కోసేశారనీ, మెడలోకి సన్న తీగ దింపి వేరే తల అతికిస్తారనీ చెబితే, "అయితే పాగా పెట్టమను" అన్నాడు.

బీజాపూర్

తమ్ముడూ,

పెద్దాయన సరిగ్గానే చెప్పాడు. నువ్వు రంగులేసే నీలికోటు ఫ్రెంచి సైనికుల నెత్తిన డబ్బాలాంటి షాకో టోపీ ఉంటుంది కదా, పదాతిదళానికి దాన్ని ఇస్తూ ఉత్తర్వు వచ్చింది 1806లో. అదే ఏడాది జులై 10న వెల్లూరు కోటలో మద్రాసు సైన్యపు సిపాయిలు తిరగబడ్డారు. నుదుట బొట్టు ఉండకూడదు, గడ్డం గీసుకోవాలి, తోలు తురాయి ఉన్న కొత్త తలపాగా పెట్టుకోవాలి అన్న ఆజ్ఞలే వాళ్లను రగిలించాయి. టిప్పు సుల్తాన్ కొడుకులు ఆ కోటలోనే బందీలుగా ఉండడం దానికి తోడైంది.

ఆ సైన్యంలో మన జిల్లాల వాళ్లెందరో. ఉత్తరాదిన సిపాయిని 'తిలంగా' అనడం మన నేల పేరును బట్టే. హైదరాబాద్‌లోనైతే నిజాం కొలువులో రేమండ్ అనే ఫ్రెంచివాడు కవాతు నేర్పిన పటాలాలే ఉండేవి. ఆయన 1798 మార్చిలో పోయాడు. అక్టోబరులో ఈస్టిండియా కంపెనీ సైన్యం ఆ పటాలాల చేత ఆయుధాలు కింద పెట్టించింది. అప్పటికి నెపోలియన్ కైరోలో ఉన్నాడు. ఆ కాలపు బొమ్మల్లో మనవాళ్లు లేకపోతే అది లోటే.

అందుకని ఒక బ్రిటిష్ సైనికుణ్ణి తీసుకుని షాకో తల కోసెయ్. ప్యాంటును మోకాలి పైదాకా చెక్కి పొట్టి లాగు చెయ్. బూట్లు తీసి చెప్పులు పెట్టు. కోటుకు ముందు ముదురు గోధుమ రంగు పూసి, ఆరాక మడతల మీద మాత్రమే ఎరుపు వెయ్యి; 28 మిల్లీమీటర్ల బొమ్మకు అప్పుడే లోతొస్తుంది. ముఖానికి మాత్రం సీసాలో వచ్చే చర్మపు రంగు వద్దు. అది దొరల రంగు.

కొండగావ్

తమ్ముడూ,

ఇది ఇత్తడి బొమ్మలు పోతపోసే ఘడవాల ఊరు. జైదేవ్ బఘేల్ లాంటి శిల్పుల వల్ల దీని పేరు దేశాలు దాటింది. మట్టి దిమ్మ మీద మైనపు తీగలు చుట్టి గుర్రపు రౌతును చేస్తారు. పైన మళ్లీ మట్టి మెత్తి కాలిస్తే మైనం కరిగిపోతుంది. ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. బొమ్మ బయటికి రావాలంటే అచ్చు పగలాల్సిందే. అందుకే ఏ ఇద్దరు రౌతులూ ఒక్కలా ఉండరు. నీ సైనికులు రబ్బరు అచ్చులోంచి ఒకే పోలికతో వస్తారు కాబట్టే నీకు తలలు కోసే పని.

ఇక్కడొక రౌతు పాగా చూడు: జుట్టు ముడి నుంచి చెవి దాకా ఒకటే మైనపు తీగ, పదకొండు చుట్లు. పుట్టీని అలాగే తీగలా సాగదీసి, వేళ్లకు తడి చేసుకుని చుట్టు. ఆరేలోపు సూదిమొనతో మడతలు దిద్దు. ఈసారి హైదరాబాద్ వెళ్లినప్పుడు రేమండ్ సమాధి కూడా చూసి రా.

అన్నయ్య