నిప్పు చెప్పిన చరిత్ర

నార్వే దేశపు పడమటి తీరంలో, ఏడు కొండల నడుమ బెర్గెన్ అనే రేవు పట్టణం ఉంది. సముద్రం మీదుగా వచ్చే మబ్బులు ఆ కొండలను తాకి కురుస్తాయి. అక్కడ ఏటా 2000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. ఇంత వాన కురిసే ఊరి చరిత్ర అగ్నిప్రమాదాలతో నిండి ఉండటం వింతగానే తోస్తుంది. ఆ ఊరి ఇళ్లలో ఎక్కువ భాగం ఒకప్పుడు కొయ్యతో కట్టినవే మరి!

క్రీ.శ. 1070 ప్రాంతంలో ఓలావ్ క్యూరె అనే రాజు ఈ పట్టణాన్ని స్థాపించాడని చెబుతారు. దీనికి సిరి తెచ్చింది ఎండుచేప. ఉత్తరాన లోఫోటెన్ దీవుల్లో కాడ్ అనే చేపను పట్టి, ఉప్పు వేయకుండానే చలిగాలికి ఆరబెట్టేవారు. ఆ చేప పడవల్లో బెర్గెన్ చేరేది. పంటలు సరిగా పండని ఉత్తరాదికి ఆ పడవలే ధాన్యం మోసుకుపోయేవి.

1360 ప్రాంతంలో హాన్సా అనే జర్మన్ వర్తకుల కూటమి ఈ రేవులో స్థావరం ఏర్పరచుకుంది. అది 1754 వరకు సాగింది. అక్కడ పనిచేసే జర్మన్లు పెళ్లి చేసుకోరాదు. గోదాముల్లో నిప్పు రాజేయరాదు. వంటకూ, చలి కాచుకోవడానికీ విడిగా కట్టిన గదులకు వెళ్లవలసిందే.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా నిప్పు ఊరిని వదలలేదు. 1702లో పట్టణంలో చాలా భాగం బూడిదైంది. అయినా జనం పాత పద్ధతిలోనే, అవే ఇరుకు సందులతో, రేవు గట్టున కొయ్య ఇళ్లను మళ్లీ కట్టుకున్నారు. ఆ వరుసనే నేడు బ్రుగ్గెన్ అంటారు.

1955లో ఆ వరుసలో కొంత భాగం మళ్లీ కాలిపోయింది. మిగిలిన పాత ఇళ్లను కూడా కూల్చివేయాలని కొందరు అన్నారు. నార్వేను జర్మనీ ఆక్రమించిన 1940-45 నాటి గాయాలు అప్పటికింకా మానలేదు. జర్మన్ వర్తకుల జ్ఞాపకాలను కాపాడటం ఎందుకనిపించడం సహజమే.

అయితే కాలిన చోట పురావస్తు శాస్త్రజ్ఞులు తవ్వకాలు మొదలుపెట్టారు. నేలలో బూడిద పొరలు ఒకదాని కింద ఒకటి బయటపడ్డాయి. ఏ ఏట ఊరు తగలబడిందో పాత గ్రంథాల్లో ఉంది. అందువల్ల ఏ పొర ఏ కాలానిదో తెలిసింది. తడి మట్టిలో చెడకుండా నిలిచిన వందలాది కర్రముక్కలు దొరికాయి. వాటిమీద రూన్లు అనే పాతకాలపు అక్షరాలు చెక్కి ఉన్నాయి. కొన్ని సరుకు యజమానుల పేర్లు, కొన్ని ప్రార్థనలు, కొన్ని ప్రేమ మాటలు. ఒకదానిమీద, ఇంటికి రమ్మని గ్యూదా అనే స్త్రీ పంపిన కబురు ఉంది.

రాజుల పేర్లను గ్రంథాలు కాపాడాయి. గ్యూదా వంటివారి మాటలను మాత్రం ఆ నేలే దాచి ఉంచింది. వర్తకుల రేవు అనుకున్న చోటు అందరి చరిత్రకూ నిలయమని తేలింది. పాత ఇళ్లు నిలిచాయి. 1979లో యునెస్కో బ్రుగ్గెన్‌ను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. మిగిలిన 62 ఇళ్లలో పుచ్చిన పలకలను తీసి, పాత పద్ధతిలోనే కొత్తవి అమర్చే పని ఇప్పటికీ సాగుతోంది. కొయ్య ఊరిని కాపాడటం ఒక్కనాటితో తీరే పని కాదు; ప్రతి తరమూ తన వంతు చేయవలసినదే.