తెడ్డు వేయని కోచ్ ఊరు

ఉత్తర జర్మనీలోని ల్యూబెక్‌లో రైలెక్కితే అరగంటలోపే రాట్సెబుర్గ్ వచ్చేస్తుంది. పాత ఊరంతా ఒక దీవి. చుట్టూ సరస్సులు, ఒడ్డుకు చేరడానికి కట్టల మీద వేసిన రోడ్లు. ఉత్తరపు కొసన ఎర్ర ఇటుకల కెథడ్రల్ ఉంది. 12వ శతాబ్దంలో హెన్రీ ద లయన్ అనే డ్యూక్ మొదలుపెట్టించిన కట్టడం. దాన్ని చూసేసి వెనక్కి తిరక్కండి. ఇంకో పక్కనున్న క్యూషెన్‌సే సరస్సు దాకా వెళ్లండి. ఆ పేరుకి అర్థం ‘వంటింటి సరస్సు’. ఏటా అంతర్జాతీయ రోయింగ్ పోటీలు జరిగేది అక్కడే.

ఇంత చిన్న ఊరికి ఈ పేరు రావడానికి కారణం ఒక బడిపంతులు. పేరు కార్ల్ ఆడం. 1912లో హాగెన్‌లో పుట్టాడు. అసలు ఆయన బాక్సర్. 1937లో హెవీవెయిట్‌లో ప్రపంచ విద్యార్థి చాంపియన్. యుద్ధం అయ్యాక రాట్సెబుర్గ్ హైస్కూల్లో టీచరుగా చేరాడు. పిల్లలకి రోయింగ్ నేర్పే పని కూడా మీద పడింది. చిత్రమేమిటంటే, ఆయన ఏ పోటీలోనూ తెడ్డు వేసినవాడు కాదు!

అదే ఆయనకి కలిసొచ్చింది. ‘మా రోజుల్లో ఇలా చేసేవాళ్లం’ అనడానికి ఆయనకి పాత రోజులే లేవు. అందుకే ప్రతిదాన్నీ పరీక్షించి చూశాడు. పరుగు పందేల వాళ్ల ఇంటర్వెల్ ట్రైనింగ్ తెచ్చి పడవలో పెట్టాడు. అంటే కాసేపు పూర్తి వేగం, కాసేపు నెమ్మది, మళ్లీ వేగం. తెడ్డు రెక్కని వెడల్పు చేయించాడు, నిమిషానికి వేసే తెడ్ల సంఖ్య పెంచాడు.

ఎనిమిది మంది నడిపే పడవ పందెంలో 1920 నుంచి 1956 దాకా జరిగిన ప్రతి ఒలింపిక్స్‌లోనూ స్వర్ణం అమెరికాదే. 1960లో రోమ్ దగ్గరి అల్బానో సరస్సులో ఆ వరసకి బ్రేక్ పడింది. గెలిచింది ఆడం శిష్యులు: రాట్సెబుర్గ్, కీల్ క్లబ్బుల కుర్రాళ్లు. 1964లో రజతం, 1968లో మెక్సికోలో మళ్లీ స్వర్ణం.

పతకాల కన్నా ఆయన పద్ధతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. శిక్షణ ఎలా ఉండాలి, పందెంలో ఏ వ్యూహం పాటించాలి అన్నవి కుర్రాళ్లతో కూర్చుని మాట్లాడేవాడు. వాళ్లు కాదంటే వినేవాడు. ఎందుకంటే ఈ ఆటలో కోచ్ ఒడ్డునే ఉండిపోతాడు. రెండు వేల మీటర్లు, దాదాపు ఆరు నిమిషాలు. ఆ కాసేపు పడవలో ఉండేది తెడ్లు వేసే ఎనిమిది మంది, దారి చూపే కాక్స్. చెప్పింది చేయడం తప్ప ఇంకేమీ రాని కుర్రాడు నీళ్ల మధ్యలో ఏం చేస్తాడు? 1960 జట్టులోని హాన్స్ లెంక్ తర్వాత తత్వశాస్త్ర ప్రొఫెసర్ అయ్యాడంటే ఆశ్చర్యమేముంది!

మన దగ్గర కోచ్ అంటే చాలామందికి గుర్తొచ్చేది విజిల్, కేకలు. ఎదురు ప్రశ్న వేస్తే ‘పొగరు’ అంటాం. పిల్లల్ని ఆటల్లో చేర్పించే అమ్మానాన్నలు ఫీజు, గ్రౌండు, కోచ్ గెలిచిన కప్పులు వాకబు చేస్తారు. ‘మావాడు ప్రశ్న అడిగితే ఈయన జవాబు చెప్తాడా?’ అని కూడా చూసుకుంటే మంచిది.

ఆడం 1976లో కన్నుమూశాడు. ఆయన హయాంలో 1966లో మొదలైన రోయింగ్ అకాడమీ ఇప్పటికీ ఈ ఊళ్లోనే ఉంది. వేసవిలో వెళ్తే కట్ట మీద నుంచే పడవలు కనిపిస్తాయి.