బసవన్నకు కొలత దొరకదు

కార్తీకమాసం, తెల్లవారుజాము ఐదు. యాగంటి శివాలయం కోనేటి మెట్ల మీద ఈ వ్యాసకర్త ఒళ్లో ఊలుండ, రెండు సూదులు పెట్టుకుని కూర్చుంది. కొండలోంచి వచ్చే నీళ్లు నంది నోట్లోంచి జారి పడుతున్నాయి. మునకేసి లేచినవాళ్లు చేతులు చంకల్లో దోపుకుని నిలబడుతున్నారు.

"ఏమల్లుతాండావు పాపా, స్వెట్టరా?" పక్కనున్న పెద్దావిడ వంగి చూసింది.

"కాదవ్వా, చేతులకు. వేళ్లు బయటే ఉంటాయి."

"అయితే టెంకాయ కొట్టనీకి తీయాల్సిన పన్లేదు," అని ఆమె తన చెయ్యి చాపింది.

టేపుతో బొటనవేలు వదిలేసి, మిగతా నాలుగు వేళ్ల మొదళ్ల దగ్గర చుట్టూ కొలిస్తే 8 అంగుళాలు. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు, ఎనిమిదికి ఎనిమిదే అల్లేస్తారు. అల్లిక సాగుతుంది కాబట్టి పదో వంతు తగ్గించుకోవాలి, అంటే దాదాపు 7¼. అల్లబోయే వరసలోనే, రెండు నిట్ రెండు పర్ల్, ముందు ఓ చిన్న ముక్క అల్లి, లాగకుండా పరిచి కొలవాలి. అంగుళానికి 5 కుట్లు వస్తే మొత్తం 36. అంచులు కలిపి కుట్టడానికి ఇంకో రెండు, 38. చదరంగా ఏడంగుళాల పొడవు అల్లి, పక్కన మూసేటప్పుడు బొటనవేలికి రెండంగుళాల సందు వదిలితే సరి. అదే ఊలుతో 22 కుట్ల పట్టీని తల కొలతకు రెండంగుళాలు తక్కువగా అల్లితే చెవులకూ జోడీ అవుతుంది.

ముక్క అల్లి చూసుకోకుండా వ్యాసకర్త చేసిన మొదటి జత పహిల్వానుకు సరిపోయేలా వచ్చింది. చెయ్యి దులిపితే ఊడిపోయేది.

ఊలు మాత్రం మన మందల్లోది కాదు. నెల్లూరు జాతి గొర్రెకు వెంట్రుకలే గానీ ఉన్ని ఉండదు. దక్కనీ గొర్రె ఉన్ని కంబళికి బాగుంటుంది, అరచేతికి గీరుకుంటుంది. అంగళ్లలో దొరికే మెత్తటి ఊలుకు పెద్ద పుట్టిల్లు లూధియానా.

అల్లే చేతులకైతే తెలుగునాట కొదవ లేదు. ఒక్క కొక్కెం సూదితో నరసాపురం ఆడవాళ్లు అల్లే క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాళ్ల కష్టం మీద జర్మన్ పండితురాలు మరియా మీస్ 1982లోనే పుస్తకం ప్రచురించింది. ఆ లేసులో ఎక్కువభాగం పరాయి దేశాల బల్లల మీద పరుచుకుంటుంది. తన చేతికి తాను అల్లుకునే ముచ్చట వేరే.

యాగంటి గుడిలోని రాతి నంది, బసవన్న, ఏటేటా పెరుగుతున్నాడని, ప్రదక్షిణకు చోటు చాలక ఓ స్తంభం తీసేశారని చెబుతారు. ఆయనకు కొలత తీసే దర్జీ ఎవరూ లేరు. అవ్వ చేతికి మాత్రం ఎండ ఎక్కేసరికి ఒకటి పూర్తయింది, సరిగ్గా పట్టింది.

మీరు వెళ్తే స్నానానికి ముందు చేతి తొడుగులు తీసి సంచిలో వేసి ముడెయ్యండి. అగస్త్యుడి శాపంతో అక్కడ కాకులు వాలవంటారు గానీ, కోతులకు ఏ శాపమూ లేదు.