మంది వచ్చిన్రా, బిడ్డా?

రాక్‌ బ్యాండు అనగానే ఏం గుర్తొస్తుంది? నడుం దాకా జుట్టు, ఒంటినిండా పచ్చబొట్లు, చెవులు చిల్లులు పడే మోత... అంతేగా! నేనూ అలాగే అనుకునేదాన్ని, ‘యాన్విల్‌! ద స్టోరీ ఆఫ్‌ యాన్విల్‌’ అనే డాక్యుమెంటరీ చూసేదాకా.

యాన్విల్‌ అంటే కమ్మరి దాగలి. కెనడాలోని టొరంటోకి చెందిన హెవీ మెటల్‌ బ్యాండు పేరది. 1984లో జపాన్‌లో స్కార్పియన్స్‌, వైట్‌స్నేక్‌, బాన్‌ జోవి పాల్గొన్న ఉత్సవంలో వీళ్లూ వాయించారు. ఆ బ్యాండ్లన్నీ కోట్లు గడించాయి. వీళ్లు మాత్రం ఎక్కడివాళ్లక్కడే ఉండిపోయారు. ఇరవై ఏళ్ల తర్వాత కెమెరా వాళ్లింటి తలుపు తట్టేసరికి గాయకుడు స్టీవ్‌ కుడ్లో (అందరూ ‘లిప్స్‌’ అంటారు) మంచులో వ్యాను నడుపుతూ బడి పిల్లలకు భోజనాలు చేరవేస్తున్నాడు. డ్రమ్స్‌ వాయించే రాబ్‌ రైనర్‌ది భవన నిర్మాణంలో కూలిపని. పద్నాలుగేళ్ల వయసులో కలిసిన ఈ నేస్తాలు ఇద్దరూ యాభై ఏళ్లకు చేరువైనా వాయించడం మానలేదు.

భోజనాల వ్యాను చూడగానే నాకు మా చిన్నాయన మోపెడ్‌ గుర్తొచ్చింది.

మాది మేడ్చల్‌ పక్కనే ఉన్న అత్వెల్లి. చిన్నాయన తెల్లారకముందే మోపెడ్‌కి పాలక్యాన్లు కట్టుకుని వెళ్లేవాడు. పెళ్లిళ్ల కాలం వస్తే మాత్రం ఎర్రకోటు తొడిగి, క్లారినెట్‌ పట్టేవాడు. నేను పదో తరగతిలో ఉండగా స్నేహితురాలి అక్క పెళ్లికి మేడ్చల్‌ వెళ్లాను. బరాత్‌లో ముందు వరసలో చిన్నాయన! నన్ను చూసి కళ్లతోనే నవ్వాడు. ‘ఎవరే ఆయన?’ అంది పక్కనున్న పిల్ల. ‘ఏమో, తెలీదు’ అన్నాను. రెండడుగుల దూరంలో ఉన్నాడు. విన్నాడో లేదో! ఇంటికొచ్చాక ఆయనేమీ అనలేదు. నేనూ అడగలేదు. కొన్నాళ్లకు డీజే పెట్టెలొచ్చాయి. బ్యాండు చెదిరిపోయింది. క్లారినెట్‌ అటకెక్కింది.

అందుకే మొన్న ఊరికెళ్లినప్పుడు మంచమ్మీద ల్యాప్‌టాప్‌ పెట్టి, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకున్నా. ఇంగ్లిష్‌ రాదు కాబట్టి నేనే చెబుతూ పోయాను. యూరప్‌ యాత్రలో వీళ్లకు అన్నీ కష్టాలే. రైళ్లు తప్పిపోతాయి. పది వేల మంది పట్టే హాలుకు 174 మంది వస్తారు. చిన్నాయన పకపకా నవ్వి, ‘మేము గూడ వానల ఏడుగురి ముందర వాయించినం’ అన్నాడు. ప్రాగ్‌లో దారితప్పి ఆలస్యంగా చేరితే క్లబ్బు యజమాని డబ్బులివ్వనంటాడు. అప్పుడు నవ్వలేదు. ‘బయానా తీస్కోలేదా?’ అన్నాడు కోపంగా. పదమూడో ఆల్బమ్‌కి లిప్స్‌ అక్క డబ్బు సర్దుతుంది. ఆ రికార్డింగులోనే నేస్తాలిద్దరూ గొడవపడతారు. చివరికి లిప్స్‌ ఏడుస్తూ క్షమించమంటాడు. చిన్నాయన కండువాతో మొహం తుడుచుకున్నాడు.

ఈ సినిమా తీసిన సాషా గెర్వాసి ఎవరో తెలుసా? కుర్రాడిగా ఉన్నప్పుడు ఈ బ్యాండు సామాన్లు మోసినవాడు. తర్వాత స్పీల్‌బర్గ్‌ తీసిన ‘ద టెర్మినల్‌’ రచయితల్లో ఒకడయ్యాడు. అంత ఎత్తుకెళ్లాక, ఓడిపోయిన పాత మిత్రుల్ని వెతుక్కుంటూ వచ్చాడు. అందుకే ఆ కెమెరా వాళ్లను చూసి ఎగతాళి చేయదు, జాలీ పడదు. ‘వీళ్లు నాకు తెలుసు’ అంటుంది, అంతే. నేను మేడ్చల్‌లో అనలేకపోయిన మాట అది.

ఆఖర్లో 2006లో మళ్లీ జపాన్‌ నుంచి పిలుపు. తీరా చూస్తే వీళ్లకిచ్చిన సమయం ఉదయం పదకొండున్నర ప్రాంతం! ఖాళీ హాలుకు వాయించాలేమోనని లిప్స్‌ బెంగ.

‘గంత పొద్దుగాల ఎవలొస్తరు?’ అని చిన్నాయన ముందుకు వంగాడు. ‘మంది వచ్చిన్రా, బిడ్డా?’

నేనేం చెప్పలేదు. తెరమీద హాలు... నిండా జనం! చిన్నాయన వేళ్లు మోకాలి మీద తాళం వేస్తున్నాయి.

సినిమా 2008లో సన్‌డాన్స్‌ చిత్రోత్సవంలో ప్రదర్శితమయ్యాక యాన్విల్‌ రాత కొంత మారింది. 2009లో ఏసీ/డీసీ కచేరీలకు ముందు వాయించే అవకాశమొచ్చింది. 2024లోనూ ఓ ఆల్బమ్‌ తెచ్చారు. అవన్నీ చెప్పాక గొంతు పెగల్చుకుని, ‘చిన్నాయనా, ఆ రోజు మేడ్చల్‌ పెళ్లిలో...’ అన్నాను.

‘యాదికుంది. చిన్నపిల్లవు, నీకేం తెలుసు అప్పుడు’ అన్నాడు తెర మీంచి చూపు తిప్పకుండానే. ‘గా మంది వచ్చిన ముక్క మల్లొకసారి పెట్టు.’