'మా'లో ఎవరెవరున్నారు?

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్ళింది. తాతగారింట్లో రాత్రి చెప్పుకునే పరలోక ప్రార్థన మాత్రం తెలుగులోనే నిలిచింది. ఇప్పుడు తిరువళ్ళూరు చర్చిలో దాన్ని తమిళంలో చెప్తాం, ఇంట్లో తెలుగులో.

యేసు నేర్పిన ఈ ప్రార్థన మత్తయి 6లో, లూకా 11లో ఉంది. 'నేను', 'నా' ఎక్కడా రావు. తమిళంలో 'ఎంగళ్', తెలుగులో 'మా'. మేం బళ్ళో చదివిన కన్నడంలో 'నమ్మ' అంటే 'మా', 'మన' రెండూనూ. గది తలుపేసుకుని ప్రార్థించమని మత్తయిలో అంతకుముందే చెప్పిన యేసు, ఒంటరిగా ఉన్నా 'మా' అనే అనమన్నాడు.

కష్టమల్లా అప్పుల మాట దగ్గరే. మనకు బాకీ పడ్డవాళ్ళని మనం వదిలేసినట్టే మన బాకీలూ వదిలెయ్యమని అడగడం అది. తిరుత్తణి చిన్నాన్న మా దగ్గర తీసుకున్న డబ్బు తిరిగి ఇయ్యలేదు. అక్కడికొచ్చేసరికి అమ్మ గొంతు తగ్గిపోయేది. "నోటితో అనేస్తే చాలా?" అనేది.

పోయిన క్రిస్మస్‌కి ఆ ప్రోనోటు చించేశాం. మాటలింకా పూర్తిగా కలవలేదు. చిన్నాన్న వాళ్ళింట్లోనూ రాత్రి ఇదే ప్రార్థన. మేం 'మా' అన్నా, వాళ్ళు 'మా' అన్నా, అందులో రెండిళ్ళూ ఉన్నట్టే.